పి.సి.ఓ.ఎస్.లో హార్మోన్ల స్థాయిలు: అంకెల వెనుక కథ



అంతస్రావ గ్రంథుల పాఠంలో మీరంతా ఒక పట్టిక చదివే ఉంటారు. ఎడమవైపు గ్రంథి పేరు, మధ్యలో హార్మోన్ పేరు, కుడివైపు ఆ హార్మోన్ చేసే పని. పరీక్షలో నాలుగు మార్కులకు ఆ పట్టిక సరిపోతుంది. కాని శరీరంలో హార్మోన్లు అలా వరుసల్లో విడివిడిగా ఉండవు. ఒకటి పెరిగితే మరొకటి తగ్గుతుంది. తగ్గిన ఆ రెండోది మూడోదాన్ని కదిలిస్తుంది. మూడోది తిరిగి వచ్చి మొదటిదాని మీదే పనిచేస్తుంది. ఈ సంబంధం అర్థం చేసుకోవడానికి పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, క్లుప్తంగా పి.సి.ఓ.ఎస్., చక్కని ఉదాహరణ.

ఇది కేవలం ఉదాహరణ మాత్రమే కాదు. పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో 70 శాతం వరకు తమకు ఈ సమస్య ఉన్నట్లు తెలియకుండానే ఉండిపోతున్నారని కూడా ఆ సంస్థ చెబుతోంది. అంటే ఈ పాఠం చదువుతున్న మీ తరగతిలోనే ఇద్దరు ముగ్గురు అమ్మాయిలకు ఇది సొంత విషయం కావచ్చు. అబ్బాయిలు కూడా శ్రద్ధగా చదవండి. మీ అక్కకో, చెల్లికో, రేపు మీ ఇంటికి వచ్చే భార్యకో ఈ పరిజ్ఞానం అవసరపడవచ్చు.

పేరు తెచ్చిన తికమక

1935లో అమెరికాలోని షికాగో నగరానికి చెందిన ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీల వివరాలు ప్రచురించారు. నెలసరి సరిగా రాకపోవడం, అవాంఛిత రోమాలు, పెద్దవైన అండాశయాలు, వాటినిండా చిన్న చిన్న నీటి బుడగల వంటివి ఉండడం వారు గమనించారు. చాలాకాలం ఈ స్థితిని స్టెయిన్-లెవెంథాల్ సిండ్రోమ్ అనే పిలిచారు. తరవాత ‘పాలీసిస్టిక్’ అనే పేరు స్థిరపడింది. పాలీ అంటే అనేకం, సిస్ట్ అంటే తిత్తి.

ఈ పేరు వినగానే చాలామంది భయపడతారు. “కడుపులో గడ్డలున్నాయట, ఆపరేషన్ చేసి తీసెయ్యాలేమో” అనుకుంటారు. నిజానికి అవి గడ్డలు కావు. అవి అండం పెరగవలసిన చిన్న సంచులు. వీటినే మీ జీవశాస్త్ర పుస్తకంలో పుటికలు అంటారు. పెరగడం మొదలుపెట్టి, మధ్యలో ఆగిపోయిన పుటికలే స్కానింగ్‌లో ముత్యాల దండలా కనిపిస్తాయి. కాబట్టి మనం అడగవలసిన ప్రశ్న “ఈ బుడగలను ఎలా తీసెయ్యాలి?” అని కాదు. “ఈ పుటికలు ఎందుకు ఆగిపోయాయి?” అని. సమాధానం హార్మోన్లలో ఉంది.

ఆరోగ్యవంతమైన చక్రం

ముందుగా అంతా సవ్యంగా ఉన్నప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ ఉంది. అది జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోన్‌ను ధారగా కాక, విడతలు విడతలుగా విడుదల చేస్తుంది. కాలువకు వంతులవారీగా నీళ్ళు వదిలే పద్ధతి మీకు తెలుసు కదా, అలాగన్న మాట. ఇక్కడ ఎంత వదిలారన్నది ఎంత ముఖ్యమో, ఎంతసేపటికి ఒకసారి వదిలారన్నదీ అంతే ముఖ్యం. విడతలు త్వరత్వరగా వస్తే కింద ఉన్న పీయూష గ్రంథి ఎల్.హెచ్. అనే హార్మోన్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. విడతలు నెమ్మదిస్తే ఎఫ్.ఎస్.హెచ్. వైపు మొగ్గుతుంది.

ఈ రెండు హార్మోన్లు రక్తంలో ప్రయాణించి అండాశయాన్ని చేరతాయి. అక్కడ పుటిక గోడలో రెండు రకాల కణాలు పని పంచుకుంటాయి. బయటి పొరలోని థీకా కణాలు ఎల్.హెచ్. ఆజ్ఞతో ఆండ్రోజన్లను తయారుచేస్తాయి. ఆండ్రోజన్లంటే మనం సాధారణంగా పురుష హార్మోన్లు అని పిలిచేవి. లోపలి పొరలోని గ్రాన్యులోజా కణాలు ఎఫ్.ఎస్.హెచ్. ఆజ్ఞతో ఆ ఆండ్రోజన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తాయి. ఈ మార్పు చేసే ఎంజైము పేరు అరోమటేజ్.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి గమనించండి. స్త్రీ శరీరంలో ఈస్ట్రోజన్ తయారు కావాలంటే ముందు ఆండ్రోజన్ తయారు కావాలి. కాబట్టి “ఆడవాళ్ళలో మగ హార్మోన్ ఉండకూడదు” అన్న మాట తప్పు. ప్రతి స్త్రీలోనూ అది ఉంటుంది, ఉండాలి కూడా. ఎంత ఉందన్నదే ప్రశ్న.

ప్రతి చక్రంలోనూ కొన్ని పుటికలు కలిసి పరుగు మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకు దూసుకుపోతుంది, మిగిలినవి కుంచించుకుపోతాయి. గెలిచిన పుటిక నుంచి ఈస్ట్రోజన్ బాగా పెరిగినప్పుడు పీయూష గ్రంథి నుంచి ఎల్.హెచ్. ఒక్కసారిగా ఉప్పెనలా వస్తుంది. దాని ప్రభావంతో సుమారు ఒకటిన్నర రోజులో అండం విడుదలవుతుంది. ఖాళీ అయిన పుటిక కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్‌ను స్రవిస్తుంది. ఈ ప్రొజెస్టిరాన్ రెండు పనులు చేస్తుంది. గర్భాశయం లోపొరను సిద్ధం చేస్తుంది. హైపోథాలమస్ విడతలను నెమ్మదింపజేస్తుంది. గర్భం రాకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, లోపొర ఊడి నెలసరి వస్తుంది, మళ్ళీ కొత్త చక్రం మొదలవుతుంది.

చక్రం ఎక్కడ చిక్కుకుంటుంది?

పి.సి.ఓ.ఎస్. ఉన్న చాలామందిలో హైపోథాలమస్ విడతలు త్వరత్వరగా వస్తూనే ఉంటాయి. అందువల్ల ఎల్.హెచ్. ఎక్కువగా, దానితో పోలిస్తే ఎఫ్.ఎస్.హెచ్. తక్కువగా ఉంటుంది. ఎల్.హెచ్. ఎక్కువైతే థీకా కణాలు ఆండ్రోజన్లను ఎక్కువగా చేస్తాయి. పైగా ఈ స్త్రీలలో థీకా కణాలకు స్వతహాగానే ఆండ్రోజన్లు ఎక్కువ చేసే గుణం ఉంటుంది. మరోవైపు, వాటిని ఈస్ట్రోజన్‌గా మార్చడానికి కావలసినంత ఎఫ్.ఎస్.హెచ్. ప్రోత్సాహం అందదు. పరుగు మొదలుపెట్టిన పుటికలు చాలానే ఉన్నా ఏదీ గెలుపు గీత చేరదు. అన్నీ కొన్ని మిల్లీమీటర్ల వద్ద ఆగిపోతాయి.

ఏ పుటికా పూర్తిగా పెరగకపోతే అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే కార్పస్ లూటియం ఏర్పడదు. అది లేకపోతే ప్రొజెస్టిరాన్ లేదు. ప్రొజెస్టిరాన్ లేకపోతే హైపోథాలమస్‌ను నెమ్మదింపజేసేవారు లేరు. విడతలు మళ్ళీ త్వరత్వరగానే వస్తాయి, ఎల్.హెచ్. మళ్ళీ పెరుగుతుంది. చూశారా, ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికే వచ్చాం. ఇదొక విషవలయం. ఇందులో “మొదటి దోషి ఏ హార్మోన్?” అని అడిగితే ఒక్క పేరు చెప్పలేం.

ఇన్సులిన్ ఎందుకు వచ్చింది?

ఈ వలయంలోకి మరో హార్మోన్ వచ్చి చేరుతుంది. అది క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్. చక్కెర వ్యాధికి సంబంధించిన హార్మోన్‌కు అండాశయంతో ఏం పని అని మీకు సందేహం రావచ్చు.

పి.సి.ఓ.ఎస్. ఉన్న చాలామందిలో కండరాలు, కొవ్వు, కాలేయం ఇన్సులిన్ మాటను సరిగా వినవు. దీనినే ఇన్సులిన్ నిరోధం అంటారు. రక్తంలోని గ్లూకోజ్‌ను అదుపులో ఉంచడానికి క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేస్తుంది. విచిత్రమేమిటంటే, కండరాలు వినకపోయినా అండాశయం మాత్రం ఇన్సులిన్ మాటను బాగానే వింటుంది. అధిక ఇన్సులిన్ థీకా కణాల మీద ఎల్.హెచ్.తో చేతులు కలిపి ఆండ్రోజన్ల ఉత్పత్తిని ఇంకా పెంచుతుంది.

ఇన్సులిన్ చేసే రెండో పని కాలేయంలో జరుగుతుంది. కాలేయం ఎస్.హెచ్.బి.జి. అనే ప్రొటీన్‌ను తయారుచేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌లో ఎక్కువ భాగం ఈ ప్రొటీన్‌కు అతుక్కుని ప్రయాణిస్తుంది. దీన్ని ఆర్టీసీ బస్సుతో పోల్చవచ్చు. బస్సులో కూర్చున్న కూలీ దారిలో పని చేయలేడు, బస్సు దిగినవాడే చేయగలడు. అలాగే ప్రొటీన్‌కు అతుక్కున్న టెస్టోస్టిరాన్ కణాల మీద పనిచేయదు. మొత్తంలో ఒకటి రెండు శాతం మాత్రమే స్వేచ్ఛగా ఉంటుంది, ప్రధానంగా పనిచేసేది అదే. ఇన్సులిన్ ఎక్కువైతే కాలేయం ఈ ప్రొటీన్‌ను తక్కువగా చేస్తుంది. బస్సులు తగ్గితే రోడ్డు మీద జనం పెరిగినట్టు, స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. అందువల్లనే మొత్తం టెస్టోస్టిరాన్ మామూలు హద్దుల్లోనే ఉన్నా ముఖం మీద మొటిమలు, గడ్డం మీద ముతక రోమాలు, తలమీద జుట్టు పలచబడడం వంటివి కొందరిలో కనిపిస్తాయి.

ఇన్సులిన్ నిరోధానికి బయటికి కనిపించే గుర్తు ఒకటుంది. మెడ వెనుక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా తయారవుతుంది. ఇంట్లో పెద్దలు అది మట్టి అనుకుని సున్నిపిండి పెట్టి రుద్దమంటారు. అది మట్టి కాదు, రుద్దితే పోదు. శరీరంలో ఇన్సులిన్ పెరిగిందని చర్మం చెబుతున్న కబురు అది.

లావుగా ఉన్నవారికే పి.సి.ఓ.ఎస్. వస్తుందన్న అపోహ కూడా ఉంది. బరువు పెరిగితే ఇన్సులిన్ నిరోధం ఎక్కువై లక్షణాలు తీవ్రమవుతాయన్నది నిజమే. కాని సన్నగా ఉన్నవారిలోనూ ఈ సమస్య ఉంటుంది. కుటుంబాల్లో వారసత్వంగా వచ్చే ధోరణి కూడా దీనికి ఉంది. కాబట్టి “నువ్వు తిండి తగ్గించుకోకపోవడం వల్లే” అని అమ్మాయిని నిందించడం శాస్త్రీయం కాదు, న్యాయమూ కాదు.

ఏ హార్మోన్ ఎలా ఉంటుంది?

ఇప్పటివరకు చెప్పుకున్నదాన్ని ఒకచోట చేర్చుకుందాం.

ఎల్.హెచ్.: చాలామందిలో ఎక్కువ. ఎఫ్.ఎస్.హెచ్. మామూలుగా లేదా కాస్త తక్కువగా ఉంటుంది. ఒకప్పుడు ఎల్.హెచ్. ఎఫ్.ఎస్.హెచ్.కు రెండు మూడు రెట్లుంటే వ్యాధి ఉన్నట్లే అనుకునేవారు. ఈ నిష్పత్తి మామూలుగా ఉన్నవారిలోనూ పి.సి.ఓ.ఎస్. ఉంటుంది కాబట్టి నేడు నిర్ధారణకు దాన్ని ఆధారంగా తీసుకోరు.

టెస్టోస్టిరాన్: కాస్త ఎక్కువ, లేదా మామూలు హద్దుల్లో పైభాగాన ఉంటుంది. ఎస్.హెచ్.బి.జి. తక్కువగా ఉంటుంది కాబట్టి స్వేచ్ఛా టెస్టోస్టిరాన్ లెక్క ఎక్కువ ఉపయోగకరం.

ఎ.ఎం.హెచ్.: చిన్న పుటికలు తయారుచేసే హార్మోన్ ఇది. ఆగిపోయిన పుటికలు ఎక్కువ కాబట్టి ఇదీ ఎక్కువే. చాలామందిలో మామూలుకన్నా రెండు మూడు రెట్లు ఉంటుంది.

ఈస్ట్రోజన్: చాలామంది తక్కువ ఉంటుందనుకుంటారు. సాధారణంగా తక్కువ కాదు. లోపించేది ఎగుడుదిగుడుల లయ.

ప్రొజెస్టిరాన్: అండం విడుదల కాని చక్రాల్లో తక్కువ. ఇది చిన్న విషయం కాదు. ప్రొజెస్టిరాన్ అదుపు లేకుండా ఈస్ట్రోజన్ ఒక్కటే ఏళ్ళ తరబడి పనిచేస్తే గర్భాశయం లోపొర మందమవుతూ పోతుంది. కాలక్రమంలో ఆ పొరలో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరుగుతుంది. నెలసరి రాకపోవడాన్ని “హాయిగా ఉంది” అని వదిలేయకూడదనడానికి కారణం ఇదే.

ఇన్సులిన్: చాలామందిలో ఎక్కువ. అయినా నిర్ధారణ కోసం ఇన్సులిన్ కొలవడం తప్పనిసరి కాదు. చక్కెర శరీరంలో ఎలా సర్దుకుంటోందో చూడడానికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటల తరవాత చేసే రక్తపరీక్ష ఎక్కువ ఉపయోగపడుతుంది.

హార్మోన్లను కొలవడం మాటలు కాదు

స్త్రీల రక్తంలో మొత్తం టెస్టోస్టిరాన్ సాధారణంగా డెసిలీటరుకు సుమారు 15 నుంచి 70 నానోగ్రాముల వరకు ఉంటుంది. ప్రయోగశాలను బట్టి ఈ హద్దులు కొద్దిగా మారతాయి. నానోగ్రామ్ అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. నాలుగు లీటర్ల రక్తంలో డెసిలీటరుకు 50 నానోగ్రాముల చొప్పున లెక్క వేయండి. మొత్తం 2,000 నానోగ్రాములు, అంటే రెండు మైక్రోగ్రాములు! ఒక ఉప్పు రేణువు దీనికన్నా ఎన్నో రెట్లు బరువు. ఇంత సూక్ష్మమైనదాన్ని తూచడం ఎలా?

పూర్వం హార్మోన్లను జంతువుల మీద వాటి ప్రభావాన్ని బట్టి కొలిచేవారు. కోల్‌కతాకు చెందిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ పునరుత్పత్తి హార్మోన్ల శాస్త్రంలో పరిశోధన చేసి 1967లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. 1978 అక్టోబరు 3న భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు కోల్‌కతాలో జన్మించడానికి కారకుడు ఆయనే. అండాశయాన్ని హార్మోన్లతో ప్రేరేపించి అండాలను సేకరించడం ఆ కృషిలో కీలకమైన మెట్టు. మరోవైపు అమెరికాలో రోజలిన్ యాలో, సోలొమన్ బెర్సన్ రేడియో ఇమ్యునో అస్సే అనే పద్ధతిని రూపొందించి, 1960లో దానితో రక్తంలోని ఇన్సులిన్‌ను కొలిచి చూపారు. అందుకు యాలోకు 1977లో నోబెల్ బహుమతి లభించింది. బెర్సన్ అప్పటికే మరణించారు. నేటి ప్రయోగశాలల్లో వాడే హార్మోన్ పరీక్షలు చాలావరకు ఆ ఆలోచన నుంచి పుట్టినవే.

అయినా పరిమితులున్నాయి. పురుషుల్లో టెస్టోస్టిరాన్ వందల నానోగ్రాముల్లో ఉంటుంది. ఆ స్థాయిలో బాగా పనిచేసే మామూలు పరీక్ష స్త్రీల తక్కువ స్థాయిల వద్ద అంత కచ్చితంగా ఉండదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పద్ధతి మెరుగైనది, కాని అన్నిచోట్లా దొరకదు.

రిపోర్టు చదివేముందు

రక్తపరీక్ష రిపోర్టును ఒక ఫోటో అనుకోండి. హార్మోన్లు మాత్రం నడుస్తున్న సినిమా. ఒక్క ఫోటో చూసి కథంతా చెప్పలేం. అందుకే డాక్టర్లు ముందుగా కొన్ని ప్రశ్నలు అడుగుతారు.

రక్తం ఇచ్చింది నెలసరి మొదలైన ఎన్నో రోజున? ఎల్.హెచ్., ఎఫ్.ఎస్.హెచ్.లను సాధారణంగా రెండు నుంచి ఐదో రోజు మధ్య కొలుస్తారు. చక్రం మధ్యలో ఎల్.హెచ్. ఎక్కువగా ఉండడం ఆరోగ్య లక్షణమే. ఆ రోజున తీసిన రక్తాన్ని చూసి కంగారు పడితే అర్థం లేదు.

ఏవైనా మాత్రలు వాడుతున్నారా? గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు టెస్టోస్టిరాన్, ఎస్.హెచ్.బి.జి. అంకెలు పూర్తిగా మారిపోతాయి. జుట్టు రాలకుండా చాలామంది బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. అవి కొన్ని హార్మోన్ పరీక్షలనే తప్పుదోవ పట్టిస్తాయి. ఈ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

వేరే కారణాలు లేవని తేల్చారా? థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ ఎక్కువ కావడం, అధివృక్క గ్రంథికి సంబంధించిన పుట్టుకతో వచ్చే ఎంజైము లోపం కూడా ఇలాంటి లక్షణాలనే చూపుతాయి. టెస్టోస్టిరాన్ విపరీతంగా పెరిగి, గొంతు బొంగురుపోవడం వంటి మార్పులు కొద్ది నెలల్లోనే వస్తే అది పి.సి.ఓ.ఎస్. కాకపోవచ్చు, వెంటనే పరీక్ష చేయించాలి.

చివరిగా, వయసెంత? ఈ ప్రశ్న మీకు అన్నిటికన్నా ముఖ్యం.

పెద్దవారిలో 2003 నాటి రాటర్‌డామ్ సూత్రం ప్రకారం మూడింటిలో రెండు లక్షణాలుండాలి. అవి నెలసరి క్రమం తప్పడం, శరీరం మీద గాని రక్తంలో గాని ఆండ్రోజన్లు ఎక్కువగా ఉన్న గుర్తులు, స్కానింగ్‌లో ఎక్కువ పుటికలు. 2023 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవారిలో స్కానింగ్‌కు బదులు ఎ.ఎం.హెచ్. పరీక్షను కూడా అనుమతించాయి. కాని కౌమారంలో ఉన్న అమ్మాయిల విషయంలో ఆ రెండూ పనికిరావని స్పష్టంగా చెప్పాయి. ఎందుకంటే ఆ వయసులో ఆరోగ్యవంతులైన అమ్మాయిల అండాశయాల్లో కూడా పుటికలు ఎక్కువగానే ఉంటాయి, ఎ.ఎం.హెచ్. కూడా ఎక్కువగానే ఉంటుంది. వారిలో నెలసరి క్రమం తప్పడం, ఆండ్రోజన్ల ఆధిక్యం, ఈ రెండూ ఉంటేనే నిర్ధారించాలి. ఒకటే ఉంటే “అవకాశం ఉంది, గమనిస్తూ ఉందాం” అని మాత్రమే అనాలి.

నాలుగు వందల అరవై మంది అమ్మాయిలు

ఈ తేడా ఎంత పెద్దదో మన రాష్ట్రపు ఉదాహరణతోనే చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో చదువుతున్న 15 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలు 460 మందిని రామ్ నిధి, ఆమె సహచరులు పరీక్షించారు. ఆ ఫలితాలు 2011లో వెలువడ్డాయి. రాటర్‌డామ్ సూత్రం ప్రకారం 42 మందికి, అంటే 9.13 శాతం మందికి, పి.సి.ఓ.ఎస్. ఉన్నట్లు తేలింది. బయటికి గుర్తులు లేకపోయినా రక్తంలో ఆండ్రోజన్లు ఎక్కువగా ఉన్నవారిని కూడా కలిపితే ఆ సంఖ్య 50కి చేరింది.

ఆ 42 మందిని విడదీసి చూడండి. శరీరం మీద ఆండ్రోజన్ గుర్తులు ఉన్నవారు 13 మంది. మిగిలిన 29 మందిలో ఉన్నవి నెలసరి తేడా, స్కానింగ్‌లో పుటికలు. నేటి మార్గదర్శకాల ప్రకారం ఆ వయసులో స్కానింగ్‌ను లెక్కలోకి తీసుకోం. కాబట్టి రక్తంలో ఆండ్రోజన్లు ఎక్కువని తేలితే తప్ప ఆ 29 మందికి వ్యాధి ఉన్నట్లు ముద్ర వేయం. అలాగని వారిని వదిలేయం కూడా. నెలసరి తేడాకు కారణం వెతుకుతాం, కొన్నేళ్ళపాటు గమనిస్తాం. అమ్మాయిలు వారే, అండాశయాలు అవే. మారింది వాటిని చదివే పద్ధతి.

పెద్దవారి విషయంలోనూ ఇంతే. భారతీయ వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా 18 నుంచి 40 ఏళ్ళ స్త్రీలు 9,824 మందిని పరిశీలించిన అధ్యయనం 2024లో ప్రచురితమైంది. 1990 నాటి కఠినమైన నిర్వచనం ప్రకారం 7.2 శాతం మందికి, రాటర్‌డామ్ ప్రకారం 19.6 శాతం మందికి పి.సి.ఓ.ఎస్. ఉన్నట్లు అందులో తేలింది. పత్రికలో ఏదైనా శాతం చదివినప్పుడు “ఏ నిర్వచనం ప్రకారం?” అని అడగడం విజ్ఞానశాస్త్ర విద్యార్థి లక్షణం.

వలయాన్ని ఎక్కడ తెంచాలి?

విషవలయానికి ఒక మంచి గుణం ఉంది. దాన్ని ఎక్కడ తెంచినా మిగతా భాగమంతా ఎంతోకొంత కుదుటపడుతుంది. శరీర శ్రమ పెరిగితే కండరాలు ఇన్సులిన్ మాట వింటాయి. ఇన్సులిన్ తగ్గితే కాలేయం ఎస్.హెచ్.బి.జి.ని ఎక్కువ చేస్తుంది, అండాశయం ఆండ్రోజన్లను తక్కువ చేస్తుంది. అధిక బరువున్నవారు ఐదు నుంచి పది శాతం బరువు తగ్గినా చాలామందిలో నెలసరి మెరుగుపడుతుంది.

పైన చెప్పిన పరిశోధక బృందమే 90 మంది అమ్మాయిలను రెండు జట్లుగా చేసి ఒక జట్టుకు యోగా, మరో జట్టుకు మామూలు వ్యాయామం 12 వారాలపాటు చేయించింది. యోగా జట్టులో ఎ.ఎం.హెచ్., ఎల్.హెచ్., టెస్టోస్టిరాన్ ఎక్కువగా తగ్గాయి. ఎఫ్.ఎస్.హెచ్., ప్రొలాక్టిన్లలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. బరువులోనూ పెద్ద తేడా రాలేదు. అంటే బరువు యంత్రం ముల్లు కదలకపోయినా లోపల హార్మోన్లు కదలవచ్చు. ఇది చిన్న అధ్యయనమే, దీన్ని బట్టి యోగాతో వ్యాధి నయమైపోతుందని చెప్పకూడదు. కాని పొద్దున్నుంచి రాత్రిదాకా బెంచీ మీదే కూర్చోబెట్టే చదువులకు ఇందులో ఒక హెచ్చరిక ఉంది. కౌమారంలో రోజుకు కనీసం గంటసేపు శరీరం చెమట పట్టేలా కదలాలి. ఆటల పీరియడ్ రద్దు చేసి లెక్కల పీరియడ్ పెట్టడం లాభసాటి బేరం కాదు.

అవసరమైనప్పుడు మందులున్నాయి. హార్మోన్ మాత్రలు ఎల్.హెచ్.ను తగ్గించి, ఎస్.హెచ్.బి.జి.ని పెంచి, గర్భాశయ పొరను కాపాడతాయి. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ నిరోధాన్ని తగ్గిస్తుంది. పెళ్ళయి పిల్లలు కావాలనుకున్నప్పుడు అండం విడుదలకు లెట్రోజోల్ వంటి మందులు ఇస్తారు. పి.సి.ఓ.ఎస్. ఉన్నవారిలో ఎక్కువమంది తల్లులు కాగలరు. ఏ మందు ఎవరికి అన్నది డాక్టరు నిర్ణయించాలి. స్నేహితురాలి చీటీ చూసి కొనుక్కోవడం ప్రమాదం.

నెలసరి మొదలైన తొలి ఏడాది క్రమం లేకపోవడం సహజం. ఏడాది దాటాక ఎప్పుడైనా 90 రోజులకు మించి రాకపోయినా, మూడేళ్ళు దాటాక 35 రోజులకు మించిన లేదా 21 రోజులకన్నా తక్కువైన చక్రాలే తరచు వస్తున్నా, పదిహేనేళ్ళు వచ్చినా అసలు మొదలు కాకపోయినా డాక్టరును కలవాలి. స్త్రీవైద్య నిపుణులు ముందుగా చూస్తారు. అవసరమైతే ఎండోక్రైనాలజీ విభాగానికి పంపుతారు. కోల్‌కతా భవానీపూర్ ప్రాంతంలోని ఎస్.ఎస్.కె.ఎం. ఆసుపత్రి, విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి వంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ విభాగాలున్నాయి. వెళ్ళేటప్పుడు గత ఆరు నెలల నెలసరి తేదీలు రాసుకుని వెళ్ళండి. పైసా ఖర్చు లేని ఆ కాగితం వేల రూపాయల పరీక్షలకన్నా ఎక్కువ చెబుతుంది.

“పెళ్ళయితే అదే సర్దుకుంటుంది” అని ఇంట్లో పెద్దలు అంటే కోపం తెచ్చుకోకండి, వారికి తెలిసింది అంతే. ఈ పాఠంలోని వలయాన్ని కాగితం మీద గీసి చూపించండి. అది ఎవరి తప్పూ కాదని, దాచవలసిన సిగ్గు కాదని, పెళ్ళితో కాక సరైన వైద్యంతో అదుపులో ఉంటుందని చెప్పండి. ఈ సమస్య ఉన్నవారిలో దిగులు, ఆందోళన కూడా ఎక్కువ. తరగతిలో ఒక అమ్మాయి పెదవిపై రోమాలను చూసి నవ్వేవారికి ఆ నవ్వు ఎంత లోతుగా గుచ్చుకుంటుందో ఇప్పుడు తెలిసి ఉండాలి.

ఆలోచించండి

1. మొత్తం టెస్టోస్టిరాన్ మామూలుగా ఉన్నా ఒక స్త్రీలో ఆండ్రోజన్ లక్షణాలు కనిపించాయి. కారణం ఏమై ఉంటుంది?

2. అండం విడుదల కాకపోతే ఎల్.హెచ్. ఎందుకు ఎక్కువగానే ఉండిపోతుంది? మెట్టు మెట్టుగా వివరించండి.

3. పదహారేళ్ళ అమ్మాయి స్కానింగ్ రిపోర్టులో పుటికలు ఎక్కువని రాశారు. నెలసరి మాత్రం క్రమంగా వస్తోంది, ఇతర లక్షణాలు లేవు. ఆమెకు, ఆమె తల్లికి మీరు ఏం చెబుతారు?